ఇరువది తొమ్మిది దినముల వెనుక

ఆంధ్రదేశమున సాహిత్యాభిమానులు నలుగురు గూడిన చోట నెల్ల నొక వృత్తాంతము తప్పక వినవచ్చుచుండును: ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి నవలల పోటీకి గడువు ముంచుకొని రాగా, విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ను 29 దినములలో ఆశువుగా చెప్పుకొని పోయిరనియు, ఆయన తమ్ముడు వేంకటేశ్వర్లుగారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనిరనియు, ముగిసిన వ్రాతప్రతి 999 పుటలకు వచ్చెననియు. సగటు కట్టి చూచినచో దినమునకు 34 పుటలకు పైమాట. వినినవారి ముఖమున మొదట ఆశ్చర్యమును, పిమ్మట నొకవిధమైన ఆశయు పొడసూపును. ఆశ్చర్యము న్యాయమైనదే. ఆ ఆశను గూర్చియే, నవలలు వ్రాయనెంచు మా పాయకరావుపేట యువకులను, యువతులను మనస్సున నుంచుకొని, కొంత విస్తరించి చెప్పదలచినాను. ఏలయన ‘ఒక నెలలో వేయిపడగలే వచ్చినప్పుడు ఉగాదిపోటీకి మన నవల యేల రాదు?’ అని వారడుగు ప్రశ్నలో ఉత్సాహమెంత యున్నదో, ఆ 29 దినములను గూర్చిన అపోహయు నంత యున్నది.

1926లో స్థాపితమైన విశ్వకళాపరిషత్తు 1934 నాటికి వాల్తేరున స్థిరపడియున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వైస్ ఛాన్సలరు. ఆ యేటి నవలాబహుమానము ‘వేయిపడగలు’నకును, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’నకును పంచియీయబడినది. ఇద్దరు రచయితలును 1895లో, ఒకరు సెప్టెంబరునను మరియొకరు అక్టోబరునను జన్మించినవారు. ఒకే కాలమును, ఒకే దేశమును చూచినవారు. అయినను ఒకరు కూలిపోవుచున్న గ్రామజీవనమును గూర్చి వేయి గొంతుకలతో శోకింపగా, రెండవవారు చిత్రకారుని కన్నుతో, సంగీతజ్ఞుని చెవితో, ఒక యువకుడు తన్ను లెక్కసేయని భార్య హృదయమును మెల్లమెల్లగా గెలుచుకొన్న కథను చెప్పిరి. మా ఊరికి వాల్తేరు సుమారు 100 కిలోమీటర్లు. తాండవనది కీవలి యొడ్డున మేము, ఆవలి యొడ్డున తుని. గోదావరీ కృష్ణా సీమలనుండి రైలున వాల్తేరు చేరవలసిన దేదియైనను తుని స్టేషను దాటియే పోవలయును గనుక, ఆ యేట పోటీకి దక్షిణమునుండి వచ్చిన కాగితపుకట్టలు మాకు కూతవేటు దూరమున నున్న పట్టాలమీదుగనే పోయి యుండునని తలచుకొనుట నాకు మిక్కిలి ప్రీతి.

పోటీయు గడువును తెలుగునవలకు పురిటినాటి చుట్టములే. వీరేశలింగముపంతులుగారి ‘రాజశేఖరచరిత్రము’ 1878లో వివేకవర్ధని పత్రికలో భాగములుగా వెలువడి, 1880లో గ్రంథమైనది. పిమ్మట రాజమహేంద్రవరమున న్యాపతి సుబ్బారావుపంతులుగారి చింతామణి పత్రిక నవలలకు బహుమానములు ప్రకటింపగా, 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘రామచంద్రవిజయము’ ప్రథమబహుమానము నొందినది. ఆ పోటీలే లేకుండినచో, రేచీకటితో బాధపడుచుండిన ఆ మహానుభావుడు నాటకములను దాటి నవలలకు వచ్చియుండునా యన్నది నాకు సందేహమే. కావున గడువును నిందించుట నా యుద్దేశము గాదు. ఒక తేదీ యెదుట నిలిచినప్పుడు గాని కదలని మనస్సులు కలవు; వానిలో గొప్ప మనస్సులును గలవు.

అయితే, ఆ తేదీ యెదుట నిలిచిన మనస్సులో అప్పటి కేమి యున్నది? అడుగవలసిన ప్రశ్న యిది. 1934లో విశ్వనాథవారికి ముప్పది తొమ్మిదేండ్లు. ‘ఏకవీర’ను అదివరకే వ్రాసి భారతి పత్రికలో ప్రకటించిన చేయి ఆయనది. కృష్ణామండలములోని నందమూరున పుట్టి, తండ్రి శోభనాద్రిగారు సంపదనంతయు దానధర్మములకు వెచ్చించుట కన్నులార చూచి, ఆయన కట్టించిన విశ్వేశ్వరాలయపు గంటలు వినుచు పెరిగి, ఆ యూరు కొంచెము కొంచెముగా తన రూపమును కోల్పోవుచుండగా దానిని మాటలలో నిలుపుకొనవలెనని యేండ్లతరబడి తపించిన వ్యక్తి ఆయన. నవలలోని సుబ్బన్నపేట యెక్కడిదని యడిగినవారికి నందమూరు వంక చూపుట పరిపాటి. అంతియేకాదు, మొదటి భార్య వరలక్ష్మమ్మగారు మరణింపగా ఆ దుఃఖమునే ‘వరలక్ష్మీ త్రిశతి’గా పాడుకొన్న గుండె యది, నవలలో ధర్మారావు భార్య అరుంధతి మరణించు ఘట్టమును చెప్పునప్పుడు ఆ కంఠము మాటకొఱకు వెదకుకొనవలసిన యక్కర యేమి కలదు? కల్పించుటకు కాలము పట్టును. గుర్తునకు వచ్చినదానిని చెప్పుటకు పట్టదు. అట్లని గుర్తునకు వచ్చినదంతయు సాహిత్యమగునని నే ననను. ఆ గుర్తు ఎన్నో మారులు మనస్సున తిరిగి, రాపిడిపడి, వ్యర్థమైన దంతయు రాలిపోయి, ఒక వాక్యముగా మారుటకు సిద్ధముగా నుండవలయును. ఆ రాపిడికి పట్టిన సంవత్సరములను లెక్కింపక, 29 దినములను మాత్రమే లెక్కించుట వలననే మన యువరచయితలకు నిరాశ కలుగుచున్నది.

మా పేటలో మగ్గము లున్న వీధులలో తిరిగినవారికి ఈ సంగతి బోధపరచుట సులభము. నాడె యిటునుండి అటు పరుగెత్తుచుండగా చూచిన పట్నవాసి, గుడ్డ యెంత త్వరగా వచ్చుచున్నదని విస్తుపోవును. ఆ పడుగునకు ఆసు పోసినవారెవరో, దానిని వీధిలో చాచి గంజి పెట్టి, తెగిన పోగు తెగినచోటనే ముడివైచి, అచ్చులో పోగు పోగునకు అతికినవారెవరో అతనికి కనబడరు. పడుగు సిద్ధమైన పిమ్మట పేక పడుట యొక వేగము. పడుగే లేనివాడు నాడె నెంత విసరినను గాలిలో దారము తిరుగునే గాని చీర రాదు.

ఇక రెండవ సంగతి, నాకు మొదటిదానికంటెను ముఖ్యముగా తోచునది: విశ్వనాథవారు నవలను వ్రాయలేదు, చెప్పిరి. ఆయన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యుడు. బందరు పాఠశాలలో ఆ గురువునొద్ద తెలుగు చదివినవాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో గూడి తిరుపతి వేంకటకవులుగా ఆంధ్రదేశ మంతట అవధానములు చేసి, కవిత్వమును రాజసభలనుండి సామాన్యజనుల ముంగిటికి దెచ్చిన యా గురువు, గడువును కవిత్వమునకు అంగముగా చేసికొన్నవాడు. అష్టావధానమున నొకడు సమస్య నిచ్చును, ఒకడు అక్షరమును నిషేధించును, ఒకడు అప్రస్తుతప్రసంగముతో చిత్తమును చెదరగొట్టును, ఒకడు గంటలు కొట్టి వాని లెక్క చెప్పుమనును. వీరందరి నడుమ పద్యపాద మొకటి నోటనుండి వెలువడిన పిమ్మట దానిని వెనుకకు తీసికొనుటకు వీలులేదు, తుదకు అన్నింటిని ధారణతో అప్పగింపవలయును. ఆ సంప్రదాయము నెఱిగినవానికి, చెప్పిన వాక్యము నిలిచిన వాక్యమన్న నియమము భయము కాదు, ఊపిరి. కాగితమును ముందిడుకొని ఒంటరిగా కూర్చున్నవాడు వాక్యమును వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాసి, మధ్యాహ్నమునకు మొదటి పేరాయొద్దనే యుండును. నోటితో చెప్పువాడు ముందునకే పోవలయును. ‘వేయిపడగలు’ను పైకి చదివి చూడుడు. కన్నులతో చదువునప్పుడు చిక్కుపడిన వాక్యములు గొంతునకు వచ్చునప్పటికి తమంతట తామే విడివడును. దీర్ఘమైన వర్ణన తరువాత చిన్న వాక్య మొకటి వచ్చి ఊపిరి పీల్చుకొననిచ్చును. ఎదుట నొక మనుష్యుడు కూర్చుండి వినుచుండగా పుట్టిన గద్యమది.

ఆ మనుష్యుని గూర్చి మనము చాల తక్కువగా తలచుకొందుము. దినమునకు 34 పుటలు చెప్పుట యెంత కష్టమో, 34 పుటలు వ్రాయుట యంతకంటె దేహమునకు కష్టము. వ్రేళ్లు పట్టుకొనిపోవును, మెడ వంగిపోవును. చెప్పువాని ఆవేశము నిలిచినదాక వ్రాయువాడు నిలువవలయును, అతడు మౌనము వహించినపుడు మాట యందించక, అలుగక, కలము నెత్తి యట్లే వేచియుండవలయును. అన్నగారి నోట వచ్చు సంస్కృతసమాసమును, ఊరి రైతు మాటను ఒకే వేగముతో, ఒకే శ్రద్ధతో కాగితమున కెక్కించుటకు భాష తెలిసియుండవలయును, అన్నపై ప్రేమయు నుండవలయును. వేంకటేశ్వర్లుగారు లేనిచో గడువు నాటికి విశ్వకళాపరిషత్తునకు చేరవలసినది మనస్సులోనే యుండిపోయెడిది. తెలుగునవలాచరిత్ర వ్రాయువారు ఈ లేఖకునకు ఒక వాక్యముకంటె ఎక్కువ స్థానమీయవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.

ఇట్టి మాసమే 68 సంవత్సరములకు పూర్వము రష్యాలో నొకటి గడచినది. అన్న మిహయీలు మరణించి అప్పులు మీద పడగా, ఫ్యోదర్ దస్తయేవ్‌స్కీ స్తెల్లోవ్‌స్కీ యను ప్రచురణకర్తవద్ద 3,000 రూబుళ్లు తీసికొని యొక కఠినమైన ఒడంబడికపై సంతకము చేసెను: 1866 నవంబరు 1 నాటికి క్రొత్తనవల చేతికీయనిచో, అటుపైన తొమ్మిదేండ్లపాటు ఆయన వ్రాసినదంతయు ఆ ప్రచురణకర్త పైస యీయక ముద్రించుకొనవచ్చును. అక్టోబరు వచ్చువరకు ఆ నవలలో నొక పంక్తియైనను కాగితము మీదికి రాలేదు. ‘నేరము–శిక్ష’ను పత్రికకు భాగములుగా వ్రాయుటలోనే ఆ యేడంతయు గడచెను. అప్పుడు మిత్రుల సలహాపై షార్టుహ్యాండు నేర్చిన యిరువదేండ్ల యువతి అన్నా గ్రిగోర్యెవ్నా వచ్చినది. పగలు ఆయన చెప్పును, ఆమె గుర్తులలో వ్రాసికొనును. రాత్రి యింట ఆ గుర్తులను అక్షరములుగా మార్చి మరునాడు తెచ్చును. 26 దినములలో ‘జూదరి’ ముగిసెను. తీరా ప్రతిని ఈయబోవ ప్రచురణకర్త ఊరిలో లేడనిరి. గడువు దాటించి రచయితను పట్టుకొనవలెనన్న పన్నాగ మది. దస్తయేవ్‌స్కీ పోలీసు అధికారికి వ్రాతప్రతి నప్పగించి, తేదీ వేయించిన రసీదు తీసికొని బయటపడెను.

ఇక్కడను 26 దినములను మాత్రమే చూచినవారు మోసపోవుదురు. రూలెట్టు బల్లయొద్ద తన సర్వస్వమును పోగొట్టుకొన్న అనుభవము ఆయనకు కలదు. ఆ జూదరి కథను వ్రాయదలచినట్లు 1863లోనే మిత్రుడు స్త్రాహవ్‌నకు లేఖలో వివరించియుండెను. ఆ మూడేండ్లు కథ ఆయనలో పక్వమగుచునే యున్నది. నందమూరికిని పీటర్సుబర్గునకును పోలిక లేదు, ఆచారపరుడగు విశ్వనాథకును జూదమున మునిగిన దస్తయేవ్‌స్కీకిని స్వభావమున పోలిక లేదు; అయినను ఇద్దరి విషయమునను గడువు చేసిన పని యొక్కటే. అది లేనిదానిని సృష్టింపలేదు. ఉన్నదానిని ఇంక దాచుకొనుటకు వీలులేకుండ చేసినది.

త్వర తన గురుతును విడువకుండునా? విడువదు. ‘వేయిపడగలు’లో కథ నిలిచిపోయి ధర్మారావు విద్యను గూర్చి, వైద్యమును గూర్చి, నాట్యమును గూర్చి, రాజకీయములను గూర్చి పుటలకు పుటలు ప్రసంగించు చోట్లు కలవు. గడువు మరియొక ఆరునెలలు వెనుకకు జరిగియుండినచో వానిలో కొన్ని కుదించుకొని యుండెడివని విమర్శకు లనినచో నేను వాదింపను. కాని ఆ ప్రసంగములలో సగము తీసివేసిన నవల మరింత మంచి నవలయై యుండునని గూడ నేను నమ్మను. ఒక గ్రామమున గుడియు, జమీందారీయు, పొలమును, పాటయు ఒకదానినొకటి పట్టుకొని యెట్లు నిలిచినవో, ఒకటి జారగా తక్కినవి యెట్లు జారినవో చెప్పువానికి అన్నింటిని గూర్చియు చెప్పక తప్పదు. నవలలోని వేయి పడగల సర్పము తుదకు రెండు పడగలతో మిగులుటను మనము నమ్మవలెనన్న, రాలిన పడగలను ఒక్కొక్కటిగా చూచి యుండవలయును. నవలలోని నర్తకి గిరిక వేణుగోపాలస్వామి సన్నిధిని ఆడిన నృత్యమునకు ముందు నాట్యమును గూర్చిన చర్చ యెంత దీర్ఘమైనను, ఆ నృత్యమునొద్దకు వచ్చునప్పటికి పాఠకుని కన్ను దానిని చూచుటకు తగినదై యుండును. సోమరితనముచేత పెరిగిన దీర్ఘత వేరు, నిండుదనము చేత పొంగిన దీర్ఘత వేరు. మొదటిది త్వరలో దొరలు దోషము, రెండవది త్వర దాచలేని గుణము.

అయినను, త్వరయే మార్గమని ఎవరైన ననునప్పుడు నా మనస్సు సర్వసిద్ధి రాయవరమునకు పోవును. అది మా సీమలోనిదే. గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న జన్మించిన యూరది. ఆయన ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది; ప్రజలు మెచ్చుకొనిరి, పత్రికలు మెచ్చుకొనినవి. మరియొకడైనచో అంతటితో తృప్తిపడును. అప్పారావుగారు దానిని మరల విప్పి, పన్నెండేండ్లకు 1909లో రెండవ కూర్పుగా వెలువరించిరి. ఈనాడు మనము గిరీశమని, మధురవాణియని యెవరిని తలచుకొని నవ్వుదుమో, కంట తడిపెట్టుదుమో, వారు ఆ రెండవ కూర్పుననే సంపూర్ణముగా ఊపిరి పోసికొనిరి. 29 దినముల గాథకు సరితూగు గాథగా ఈ పన్నెండేండ్ల గాథను మన పిల్లలకు చెప్పువారు లేకుండుట నాకు కష్టము తోచును. ఆ మాటకు వచ్చినచో విశ్వనాథవారే ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షము’నకు సుమారు మూడు దశాబ్దములు వెచ్చించిరి, 1970 సంవత్సరపు జ్ఞానపీఠమును తెలుగునకు మొదటిసారి తెచ్చినది అది. ఒకే మనుష్యుడు నెలలో నవలను ముగించినాడు, కావ్యమునకు అర్ధజీవితము నిచ్చినాడు. ఏ పని యెంత కాల మడుగుచున్నదో విని, అంత కాలము నిచ్చుటయే ఆయన పాండిత్యములోని మిక్కిలి పెద్ద పాలు.

  

గడువునకు లోబడి వ్రాయబూనిన మా ఊరి పిల్లలకు నేను చెప్పగలిగిన దంతయు పై మాటలలోనే యున్నది గాని, ఆచరణలో నొకటి రెండు విషయములు కలుపుదును. తేదీని నిర్ణయించుకొనుటకు ముందు, ఏ కథ మిమ్ము చాలకాలముగా విడువక వెంటాడుచున్నదో చూచుకొనుడు. పోటీ ప్రకటన చూచిన పిమ్మట వెదకి పట్టుకొన్న కథ నెలదినములు మీతో నడువదు, పదవనాడే చేయి విడిచిపోవును. వ్రాయునంతకాలము వెనుకకు తిరిగి దిద్దుకొనవలదు. దిద్దుటకు వేరు కాలమున్నది. పోటీకి పంపిన ప్రతియే కడపటి ప్రతియని భావింపవలదు. బహుమానము వచ్చినను సరే, అప్పారావుగారి వలె దానిని మరల విప్పుటకు సాహసింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ వాక్యమును వినుటకు ఎదుట నొక మనిషిని కూర్చుండబెట్టుకొనుడు. చెల్లెలు కావచ్చును, స్నేహితుడు కావచ్చును. వాక్యము తప్పినచోట ఆ ముఖము తప్పక చెప్పును.

విశ్వనాథవారును దస్తయేవ్‌స్కీయు గడపిన ఆ రెండు మాసములనుండి మిగిలినది వేగము గాదని నే ననుకొనుటకు చరిత్రయే సాక్ష్యము. 1867 ఫిబ్రవరిలో దస్తయేవ్‌స్కీ అన్నాను వివాహమాడెను. ఇక ఏ స్తెల్లోవ్‌స్కీ భయము లేకున్నను, ‘కరమజోవ్ సోదరులు’ వరకు తన మహానవలలను ఆమెకు చెప్పియే వ్రాయించెను. విశ్వనాథవారును అటుతరువాత పెక్కు నవలలను చెప్పియే వ్రాయించిరి. ‘పురాణవైర గ్రంథమాల’లోని నవలలను జువ్వాడి గౌతమరావుగారు వ్రాసికొనిరి. గడువు పోయినది; ఎదుట కూర్చుండి వినువారు మిగిలిరి.

కావున కళాశాలలో చదువుకొనుచు సెల్‌ఫోనుపై తెలుగును వడివడిగా కొట్టగలిగిన మా పేట పిల్లల నొక కోరిక కోరుచున్నాను. నవల వ్రాయుటకు మీ వద్ద ఇంకను పడుగు సిద్ధము కాకున్నచో దిగులుపడవలదు. మగ్గముల వీధిలోను, తాండవ సముద్రమున కలియు పెంటకోట వలలయొద్దను, నవలకు చాలిన జీవితమును మోయుచు, కలము పట్టనేరని పెద్దలు కలరు. ‘ఎప్పుడైన చెప్పుదునులే’ అని వారందురు. ఆ ‘ఎప్పుడైన’కు ఒక తేదీ నీయుడు. వేసవి సెలవులలో నొక నెల నిర్ణయించుకొని, ప్రతిదినము సాయంకాలము ఒక తాతయొద్దనో అమ్మమ్మయొద్దనో కూర్చుండి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. వారు ఆగినచోట మీరును ఆగుడు. వారి మాటను మీ పాఠ్యపుస్తకపు మాటగా మార్చవలదు. ఏ పోగునకు ఏ పేరో, ఏ గాలికి ఏ పేరో తెలియకున్న అడిగి వ్రాసికొనుడు. మొదటి కట్ట సిద్ధమైన దినమున మన ఊరి గ్రంథాలయమునకు కొనిరండు, అందరము కూర్చుండి పైకి చదువుకొందము.